నాలుగుకు సున్నా చుట్టని మనిషి

ఫోషాన్‌లో ఫ్లాస్కుల ఫ్యాక్టరీ, మూడో అంతస్తు.
నా సంచిలో మూడొందల ప్రశ్నపత్రాలు,
ఒక్కోదాంట్లో ఇరవై నాలుగు వాక్యాలు,
ప్రతి వాక్యం పక్కనా ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు.
‘నా పని ఎలా చెయ్యాలో నేనే తేల్చుకుంటాను.’
‘ఈ పని నాకు బాగా వచ్చు.’
‘ఇక్కడ నా బాగోగులు పట్టించుకునేవాళ్ళున్నారు.’
నిజమైతే ఏడు. కాకపోతే ఒకటి.
ఎటూ తేలకపోతే నాలుగు.

ఫాంగ్ బావ్‌జూ ఎక్కడా నాలుగుకు సున్నా చుట్టలేదు.
మా భాషలో నాలుగూ చావూ దాదాపు ఒకే పలుకు.
ఎటూ తేలని చోటల్లా ఖాళీ వదిలేసింది.

నేను చదువుకున్న సిద్ధాంతం చిన్నదే.
జీతం మనిషిని గేటు దాకా తెస్తుంది.
గేటు దాటాక మనసు ఇంకేవో అడుగుతుంది:
ఇది నేను ఒప్పుకుని చేస్తున్నదేనన్న ఎరుక,
నా వల్ల అవుతుందన్న ధీమా,
పక్కన మనిషున్నాడన్న వెచ్చదనం.
“అదంతా దిగుమతి సరుకు” అన్నాడు మేనేజరు హెంగ్.
“మావాళ్ళకి స్వేచ్ఛతో ఏం పని?
గోడ మీద ఎర్ర బోర్డు, నెలాఖరుకి బోనసు, చాలు.”
నవ్వుతూ టీ పోశాడు.
టీ మాత్రం బాగుంది.

బావ్‌జూది చెవి పని. పదకొండేళ్ళుగా.
ఫ్లాస్కు మూతిని చెవికి ఆనించి వింటుంది.
రెండు గాజు పొరల నడుమ గాలి దూరితే
హోరు పలచబడుతుందట.
నేనూ విన్నాను. నాకన్నీ ఒకటే హోరు.
“నీకింకో ఏడాది పడుతుందిలే” అంది.
ఆ ఒక్క మాటప్పుడే ఆమె వీపు నిటారైంది.

పోయిన వేసవిలో ఆ పనికి యంత్రం వచ్చింది.
జీతం రెండొందల యువాన్లు పెరిగింది.
పచ్చదీపం వెలిగితే పెట్టెలోకి, ఎర్రదీపం వెలిగితే తొట్టిలోకి.
అయినా, ఎవరూ చూడనప్పుడు
పచ్చదీపం వెలిగినదాన్ని కూడా ఓసారి చెవిదాకా తీసుకెళ్తుంది.
దీన్ని ఏ వాక్యం పక్కన రాసుకోను?

ఆ రాత్రి షిఫ్టు అయ్యాక కూడా ఆమె కదల్లేదు.
కొత్తగా చేరిన షూలిన్ నూట ఇరవై మూతలు వెనకబడ్డాడు.
ఇద్దరూ ఒకే బల్ల ముందు, మాటల్లేకుండా.
“ఉండమని ఎవరన్నారు?”
“ఎవరూ అనలేదు.”
“అయితే నీ ఇష్టమేనా?” పెన్ను సిద్ధంగా పట్టుకున్నాను.
“వాడు లెక్క తప్పితే వరసంతటికీ కోత పడుతుంది” అంది.
అంకె కోసం వెతుక్కుంటున్నాను నేను.
ఇంకో మూత బిగించి, అటే చూస్తూ అంది:
“అడిగితే చేస్తాను. అరిచినా చేస్తాను.
రెండుసార్లూ ఫ్లాస్కు ఒకలాగే ఉంటుంది.
ఇంటికి నడిచి వెళ్ళడం ఒకలాగ ఉండదు.”

యూనివర్సిటీలో కంప్యూటరు ముందు కూర్చున్నాను.
ఐదు ఖాళీలు దాటితే ఆ మనిషిని తీసెయ్యాలని నియమం.
ఆమెవి తొమ్మిది.
తీసేశాను. ఒక్క మీట.

బయల్దేరేటప్పుడు ఆమె నా చేతిలో పెట్టిన ఫ్లాస్కు
బల్ల మీదే ఉంది.
యంత్రం ఎర్రదీపం వెలిగించిందట దీనికి,
తన చెవికి మాత్రం బాగానే ఉందట.
నిన్న సాయంత్రం పోసిన నీళ్ళు.
మూత తీశాను.
ఆవిరికి కళ్ళద్దాలు మసకబారాయి.

పొరల మధ్య ఏమీ లేకపోవడమే
వేడిని పట్టి ఉంచుతుందని బడిలో చెప్పారు,
పరీక్షలో రాశాను కూడా.

ఆ వరసని వెనక్కి తెచ్చి పెట్టాను.
తొమ్మిది గళ్ళూ ఖాళీగానే.
రేపు ప్రొఫెసరు అడుగుతాడు.
ఏం చెప్పాలో ఇంకా తెలీదు,
నీళ్ళు నోరు కాలేంత వేడిగా ఉన్నాయి.